విత్తనాల బానమీద సుళి

అరవదేశంలో తెలుగిళ్ళున్న కరిసల్‌పట్టిలో ఎవరింట విత్తనాల బాన మూయాలన్నా పాంచాలి చెయ్యి పడవలసిందే. చలి తగ్గే మాసి నెలలో జొన్న కోతలై కళ్ళం ఊడ్చాక, మేలైన కంకులు ఏరి నూర్చి, ఎండబెట్టి, వేపాకు కలిపి బానలో పోస్తారు. మూత పెట్టి చుట్టూ పేడ మెత్తుతారు. ఆ పచ్చి పేడమీద ఇంటి పెద్దావిడ జక్కమ్మ పేరు చెప్పుకొని అరచెయ్యి అదిమి పెడుతుంది. మళ్ళీ ఐప్పసి నెలలో వాన పడి, నల్లరేగడి నాని, గొర్రు కట్టే రోజుదాకా ఆ బాన అమ్మవారిది. నడుమ ఎవరైనా తెరిస్తే వాన రాదని ఆ ఊరి నమ్మకం. కొత్త కోడళ్ళు తమ చేతిమీద నమ్మకం చాలక, "అత్తా, మీరే ఒక చెయ్యి వేయండి" అని పాంచాలిని పిలుచుకుపోయేవారు. ఆమె చెయ్యి పెద్దది. నోరు అంతకన్నా పెద్దది.

ఆ చేతికి అంత పేరు ఊరికే రాలేదు. తుడియలూరు పక్కనుంచి పెళ్ళై వచ్చిన కొన్నేళ్ళకే పెద్ద కరువు పట్టింది. చింతగింజలు ఉడకబెట్టుకు తిన్నారు, అవీ అయిపోయాయి. పాంచాలికి అప్పుడు మూడేళ్ళ ఆడపిల్ల. విత్తనాల బాన నిండా జొన్నలున్నాయి. బాన తెరుద్దామని మొగుడు ఒకసారి అన్నాడు. పాంచాలి తెరవలేదు. బిడ్డ ఆ బాన పక్కనే, దాని చల్లదనానికి చెంప ఆనించుకొని పోయింది. మరుసటి ఏడు వాన పడ్డప్పుడు ఊళ్ళో విత్తనమున్న ఇల్లు అదొక్కటే. అందరి చేలలోనూ ఆ గింజలే మొలిచాయి. ఊరు ఆమెను దేవతను చేసింది. దేవతను చేయడం ఊరికి తేలిక, దానికి పెట్టుబడి అక్కరలేదు. ఆ బిడ్డ పేరు పొన్ను అని మాత్రం తల్లికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

తరువాత కొడుకు పుట్టాడు, మొగుడు పోయాడు, కాలం గడిచింది. కుంపిణీ దొరల ఏలుబడి వచ్చింది. దిండిగల్లు కచేరినుంచి తాటాకు ఓలె ఒకటి వస్తే, అందులో ఏముందో చెప్పించుకోవడానికి ఊరి లెక్కలు రాసే కణక్కుపిళ్ళై ఇంటిముందు చెప్పులు విడిచి నిలబడాలి. అతడు చదివిందే వేదం. పాంచాలికి అది గిట్టేది కాదు. కొడుకు వీరప్ప కుంపిణీ వర్తకుల పత్తిబండ్లు తోలుకొని నెలల తరబడి బయటే ఉండేవాడు, వాడికి ఇక చదువు రాదు. అందుకని ఆ ఏడు విజయదశమికి మనవడు బంగారును బడిలో వేసింది. వాడికి ఆరో ఏడు నడుస్తోంది. "వాడింకా పాలు మరవలేదు, వచ్చే ఏడు వేద్దాం అత్తా" అని కోడలు వల్లియమ్మాళ్ నసిగింది. మొక్కై వంగనిది మానై వంగునా అని పాంచాలి ఆ నోరు మూయించింది.

బడి అంటే మణియం అప్పసామి ఇంటి అరుగు. ఊరికి మణియం పెద్ద, కచేరికి ఊరికి నడుమ మనిషి. ఆయన అరుగుమీద సుందరమూర్తి వాద్యార్ పాఠం చెప్పేవాడు. ఎక్కడో కావేరి ఒడ్డునుంచి వచ్చిన ఒంటరి మనిషి, ఎముకలమీద చర్మం. జీతమంటూ లేదు. పిల్లలు తెచ్చే పిడికెడు గింజలే ఆధారం, పంట ముందటి రోజుల్లో ఆ పిడికిళ్ళు కూడా చిక్కిపోతాయి. ఆకలిగొన్న మనిషి చేతికి బెత్తమిచ్చి పసిపిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టడం అప్పటి మన తెలివి. ఇప్పటిది చాలా మెరుగని నేను ప్రమాణం చేయను.

మొదటి రోజు వాద్యార్ బంగారు వేలు పట్టుకొని పళ్ళెంలో పోసిన బియ్యంమీద సుళి వేయించాడు. చిన్నగా చుట్ట తిరిగి, కిందికి దిగి, కుడివైపుకు సాగిపోయే గీత. అది పిళ్ళయార్ సుళి, అంటే వినాయకుడి గుర్తు. అరవదేశంలో ఎవరు ఏం రాసినా ముందు అది వేయకుండా రాయరు. "ఇది వేసి మొదలుపెడితే ఏ తప్పూ అంటదు, ఏ కీడూ రాదు" అని వాద్యార్ చెప్పాడు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. బంగారుకు అదేమీ వింతగా తోచలేదు, ఆ ఊరి బిడ్డలు రెండూ పాలతోనే తాగుతారు. వాడు ఇంటికి పరుగెత్తుకొచ్చి వాకిట్లో మట్టిమీద కూర్చొని వేలితో సుళి గీశాడు.

"ఇదేందిరా, పామా?" అంది పాంచాలి.

"పాము కాదవ్వా, పిళ్ళయారు. ఇది వేస్తే ఏ తప్పూ అంటదంట. వాద్యార్ చెప్పె."

పాంచాలి చాలాసేపు దానివైపు చూసింది. ఆ ఇంట్లో పుట్టిన మొదటి అక్షరం అది. మర్నాడు కోడలు ఊడ్వబోతే ఆ జాగాలో చీపురు తగలనివ్వలేదు, చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టింది. గొడ్ల తొట్టి, అంటే దొడ్డి, శుభ్రం చేసే ఇరుళాయి పేడగంప ఎత్తుకొని వచ్చినప్పుడు దూరంనుంచి చూపించి మురిసిపోయింది. ఇరుళాయి మొగుడు మారి ఆ ఇంటి పాలేరు. ఇద్దరూ ఊరి బయటి చేరిలో ఉంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. బంగారు పాకే రోజుల్లో తొట్టిలో వాణ్ణి కనిపెట్టుకొని ఉన్నది ఇరుళాయే. ఇప్పుడు తన చంటిబిడ్డను చంకలో వేసుకొని పనికి వస్తుంది. "చిన్నసామి పెద్ద కణక్కుపిళ్ళై అయి నన్ను మరిచిపోతాడు" అని నవ్వింది. బంగారు సిగ్గుపడి అవ్వ చీరచాటుకు పోయాడు.

అక్షరాలు రెండో రోజునుంచి వచ్చాయి. వాటికంటే ముందు దెబ్బలు వచ్చాయి. ఆ అరుగుమీద ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో వాద్యార్ వేలితో సుళి రాస్తాడు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినకొద్దీ పెరుగుతూ పోతాయి. బంగారు ఇల్లు ఊరి తూర్పు కొసన, గొడ్ల తొట్లు దాటాక. తక్కిన పిల్లలు అరుగు పక్కనే పుట్టినట్టు ముందుంటారు. బంగారు వెళ్ళేసరికి వాడి వంతుకు అరచెయ్యి చాలనన్ని దెబ్బలు మిగిలి ఉండేవి.

సాయంత్రం వాడు ముద్ద ఎడమచేత్తో తీసుకోబోతే పాంచాలి కోప్పడి కుడిచెయ్యి లాగింది. అరచెయ్యి వాచి ఎర్రగా ఉంది. వల్లియమ్మాళ్ ఏడుపు మొదలుపెట్టింది. పాంచాలికీ లోపల చివుక్కుమంది, కాని పైకి చెప్పే మనిషి కాదు. దెబ్బ పడనిదే అక్షరం రాదని ఆమె విన్న మాట, ఆ మాట చెప్పినవాళ్ళెవరూ అక్షరం నేర్చినవాళ్ళు కారని ఆమెకు తట్టలేదు.

"ముందు లేచి పో. ముందు పోయినోడికి అడీ దెబ్బా లేదు గదా" అంది.

"చీకట్లో కుక్కలు ఉండాయవ్వా."

"మొగపిల్లోడివి, కుక్కకు భయపడేది ఏంది?"

మరో రెండు రోజులు గడిచేసరికి వాడి అరచెయ్యి చల్లబడింది. పాంచాలి రోజూ చూసుకొనేది, కొత్త వాత లేదు. "చూస్తివా, ముందు లేస్తే అంతా సరి" అని కోడలికి చెప్పింది. వాడు ముందు లేవడం లేదు, ఎప్పటిలాగే లేస్తున్నాడు. ఆ సంగతి కళ్ళముందే ఉన్నా ఆమె చూడలేదు, ఎలా తప్పించుకుంటున్నావురా అని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ లేదు. వాడు వాకిట్లో గీతలు గీయడం మానేశాడు. ఇరుళాయి తొట్టిలోనుంచి పలకరిస్తే తల తిప్పుకొని పోయాడు. చదువుకొనే పిల్లవాడికి గంభీరం వచ్చిందనుకొని అవ్వ సంతోషించింది.

ఆ ఏడు ఐప్పసి సగం గడిచినా వాన లేదు. నల్లరేగడి నోళ్ళు తెరుచుకొని ఉంది. గొర్రులు చూరుల కింద సిద్ధంగా ఉన్నాయి. మగవాళ్ళు రోజుకు పదిసార్లు ఆకాశంకేసి చూసి ఇంట్లో ఆడవాళ్ళమీద విసుక్కుంటున్నారు. సరిగ్గా అలాంటి రోజున, మధ్యాహ్నంవేళ, వల్లియమ్మాళ్ గడ్డికోసం తొట్టి పక్క కొట్టంలోకి వెళ్ళింది. అక్కడే విత్తనాల బాన. దాని మూతచుట్టూ ఉన్న పేడ కొత్తగా ఉంది. అత్త అరచెయ్యి లేదు. ఆమె కేకపెట్టి, మూత పట్టుకు లాగింది. పేడ పెళ్ళలుగా విరిగిపడింది. బానలో గింజలు అంచుకు దిగువగా ఉన్నాయి.

చిటికెలో చుట్టుపక్కల జనం చేరారు. పోయినవి కొన్ని పిడికిళ్ళ జొన్నలు, కొంగున పట్టేటన్ని. కాని బాన తెరుచుకుంది, వాన రాలేదు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకొనేసరికి జనానికి ఇంకేమీ కనిపించలేదు. పాంచాలికి బాన పక్కన చెంప ఆనించుకొని పడుకున్న బిడ్డ కనిపించింది.  అప్పుడే ఇరుళాయి సందడి విని తొట్టిలోనుంచి వచ్చి గుమ్మం బయట నిలబడింది. మోచేతులదాకా పచ్చిపేడ.

"ఆ చెయ్యి చూడండి" అంది పాంచాలి. "ఈ కొట్టంలోకి వచ్చేది ఎవరు, పేడ చేత పట్టేది ఎవరు?"

"నేను తియ్యలేదమ్మా" అంది ఇరుళాయి.

"నా బిడ్డ సచ్చినా నేను ముట్టుకోని గింజలే అవి. నీ బిడ్డకు గంజి కాచి పోస్తివా?"

"నేను తియ్యలేదమ్మా. పని చేసిన ఇంట్లో ఇంతవరకు పుల్ల ఎత్తలేదు."

"సత్తియం చేస్తావా?"

"చేస్తాను" అంది ఇరుళాయి. ఆమె చూపు పాంచాలి భుజం దాటి లోపలికి పోయింది. అక్కడ బడినుంచి వచ్చిన బంగారు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. "మీరూ చేయాల గదమ్మా. అదే గదా పద్ధతి."

అదే పద్ధతి. జక్కమ్మ గుడిముందు సత్యం చేయాలంటే నింద వేసినవాళ్ళు ముందు తమ ఇంటి బిడ్డ తలమీద చెయ్యిపెట్టి, నేను వేసిన నింద నిజమని చెప్పాలి. ఆ తరువాత నిందపడ్డవాళ్ళు తమ బిడ్డ తలమీద చెయ్యిపెట్టి చెప్పాలి. అబద్ధం చెప్పినవాళ్ళ బిడ్డను అమ్మ ఉంచదు. "రేపు పొద్దున్నే చేస్తాను, ఊరంతా రండి" అంది పాంచాలి. సత్యంలో ఇరుళాయి ఓడినా, సత్యానికి వెనకాడినా, మారి కుటుంబం ఊరు విడవాలని మణియం అప్పసామి అక్కడికక్కడే తేల్చాడు. విత్తుల కాలంలో గెంటేసిన పాలేరును ఏ ఊరూ పనిలో పెట్టుకోదు.

జనం పోయాక పాంచాలి కొట్టంలో చతికిలబడింది. విరిగిన పేడపెళ్ళలు అమ్మవారివి, కాలికింద పడకూడదు. వాటిని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. ఒక పెళ్ళమీద ఏదో గీత ఉన్నట్టనిపించి వెలుతురుకు పట్టుకు చూసింది. చిన్నగా చుట్ట తిరిగి, కిందికి దిగి, కుడివైపుకు సాగిపోయింది. చిన్న వేలితో, శ్రద్ధగా, తడి పేడమీద గీసిన గీత.

ఆమె వాకిట్లోకి వెళ్ళింది. తాను రాళ్ళు పెట్టి కాపాడిన సుళి ఇంకా సగం చెరగకుండా ఉంది. దాని పక్కన పేడపెళ్ళను పెట్టింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పిళ్ళయార్ పట్టించాడు.

బంగారును పిలిచింది. వాడు వచ్చి రెండు సుళ్ళనూ చూసి, ఏడవకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాడు. మణియం కొడుకు శంకరన్ బడిలో సట్టాంపిళ్ళ, అంటే పిల్లలమీద పెద్ద. ఎవరు ముందు వచ్చారో ఎవరు వెనక వచ్చారో వాద్యార్‌కు చెప్పేది వాడే. ఇంట్లో ఇచ్చేవి కాక ఇంకో పిడికెడు గింజలు తెచ్చినవాణ్ణి ముందు వచ్చాడంటాడు. ఆ గింజలు వాద్యార్ కుండలో పోస్తాడు. ఇంట్లో గింజల కుండ దగ్గర ఎప్పుడూ అమ్మో అవ్వో ఉంటారు, కొట్టంలో ఎవరూ ఉండరు.

"మళ్ళీ మూస్తిని అవ్వా. నీ చెయ్యి మాదిరి వేస్తే నాది చిన్నదయ్యె. అందుకని సుళి వేస్తిని. అది వేస్తే ఏ తప్పూ అంటదు గదా."

పాంచాలి వాణ్ణి కొట్టలేదు. వాడి అరచెయ్యి తీసుకొని చూసింది. మొదటి రోజుల వాతలు నల్లబడి మానుతున్నాయి. ఒక బిడ్డ ఆకలితో పోతున్నా తాను తెరవని బానను, ఇంకో బిడ్డ దెబ్బల భయంతో తెరిచాడు. ఆ దెబ్బలు తిననిచ్చింది తానే. ఏడుపు వచ్చింది. ఎవరికోసం ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

ఏం చేయాలన్నది ఆమెకు తెల్లవారేదాకా తెగలేదు. నిజం చెబితే అమ్మవారి బాన తెరిచిన పేరు వాడికి చచ్చేదాకా పోదు. కరువు వచ్చిన ప్రతి ఏడూ ఊరు వాడివైపు వేలు చూపిస్తుంది. చెప్పకపోతే ఇరుళాయి పోతుంది, పైగా బంగారు తలమీదే చెయ్యిపెట్టి అబద్ధపు నింద నిజమనాలి. చివరికి ఒక దారి తోచింది, దొడ్డిదారే. నేనే తీసి మరిచిపోయానంటే సరి, ముసలిదాని మతిమరుపుకు అమ్మవారు కూడా నవ్వి ఊరుకుంటుందనుకుంది.

పొద్దున్నే గుడిముందు ఊరంతా ఉంది. బడి పిల్లలతో వాద్యార్ కూడా వచ్చాడు, చంకలో బెత్తం. ఒకవైపు ఇరుళాయి, చంకలో చంటిబిడ్డ, పక్కన తల వంచుకొని మారి. పూజారి కర్పూరం వెలిగించాడు. పాంచాలి బంగారును ముందుకు తెచ్చి వాడి తలమీద చెయ్యి పెట్టింది. ఆ పెద్ద చేతికింద తల మొత్తం మునిగిపోయింది.

"బాన నేనే తెరిస్తిని. మరిచిపోయి ఇరుళాయిమీద వేస్తిని. ముసలిదాన్ని, తప్పు నాది" అంది.

 మణియం మెల్లగా నవ్వాడు.

"పాంచాలక్కా, బిడ్డ పోతా ఉన్నా నీవు ఆ బాన తెరవలేదు. దాన్ని తెరిచి నీవు మరిచిపోతివా? ఇది ఎవరు నమ్మేది? పావం, పనిదాని బిడ్డను చూసి నీకు మనసు కరిగె."

జనం ఔనౌనంటూ తలలాడించారు. ఎవరో ఆడమనిషి కళ్ళొత్తుకుంది. ఎంత గొప్ప మనసు, దొంగను కాపాడటానికి తనమీద వేసుకుంది అన్నారు.  పాంచాలి మంచిపేరే పాంచాలి గొంతు పట్టుకుంది.

"ఇది నాకు వేండామమ్మా, వద్దు" అంది ఇరుళాయి. గొంతు గట్టిగానే ఉంది. "ఇట్ల చెప్తే నేనే దొంగననే గదా. నిజం చెప్పండి."

అప్పుడు పాంచాలి నిజం చెప్పింది. బడి సంగతి, పిడికెడు గింజల సంగతి, అన్నీ. కొంగుముడి విప్పి పేడపెళ్ళ చూపించింది. మణియం దాన్ని తీసుకొని, తన కొడుకు పేరు విన్నందుకు ముఖం ముడుచుకొని, వాద్యార్ చేతిలో పెట్టాడు. "మీరు చదివినవాళ్ళు. ఏందో చూడండి."

సుందరమూర్తి వాద్యార్ ఆ పెళ్ళను చాలాసేపు చూశాడు. ఆ వారమంతా తన కుండలో ఉడికింది ఏ గింజలో అతడికి అప్పుడే తెలిసి ఉంటుంది. శంకరన్‌ను చూశాడు. తనకు అరుగు ఇచ్చిన మణియాన్ని చూశాడు. నాలుగు ఊళ్ళలో అక్షరం గుర్తుపట్టగలిగిన మనిషి అతడొక్కడే.

"ఇది పగులు" అన్నాడు. "పేడ ఎండితే ఇట్ల పగులుతాది."

"నీవు తీస్తివారా?" అని మణియం బంగారును అడిగాడు.

బంగారు వాద్యార్ చంకలోని బెత్తంవైపు చూశాడు. ఒప్పుకున్నవాడికి ఏమవుతుందో, ఊరుకున్నవాడికి ఏమవుతుందో ఆ వారంలో వాడు బాగా నేర్చుకున్నాడు.

"లేదు" అన్నాడు.

"నేను చూస్తిని సామీ" అంది ఇరుళాయి. "చిన్నసామి బాన ముందర కూర్చోని వేలితో గీస్తా ఉండె."

"చూసుంటే నిన్న ఎందుకు చెప్పలేదు? ఆ అమ్మ మాట పట్టుకొని నీవూ అందుకొంటివి" అన్నాడు మణియం. జనం నవ్వారు.

ఇరుళాయి పాంచాలివైపు తిరిగింది. "నిన్న చెప్పుంటే మీరు నమ్ముదురా అమ్మా?"

 పాంచాలి నమ్మేది కాదు. చెప్పిన నోటిమీద కొట్టి ఉండేది.

పాంచాలక్క ముఖం చూసి సత్యం మానేస్తున్నామని, ఇరుళాయి ఇక ఏ ఇంటి కొట్టంలోనూ, ఏ కళ్ళంలోనూ అడుగు పెట్టకూడదని మణియం తీర్పు చెప్పాడు. గెంటెయ్యలేదు గదా, అదే దయ. నిజం నిలకడమీద తెలుస్తుందని పెద్దలు చెప్పారు, ఆ నిలకడదాకా గంజి ఎవరు పోస్తారో చెప్పలేదు. కొట్టం, కళ్ళం లేని చోట పని ఎక్కడుంటుంది? మర్నాడు మధ్యాహ్నానికి మారి, ఇరుళాయి మూట కట్టుకొని ఒట్టన్‌చత్రం దారి పట్టారు. పాంచాలి గంపలో ఇంట్లో మిగిలిన గింజలు పోసుకొని పొలిమేరదాకా వెంట వెళ్ళింది. ఇరుళాయి గంప తీసుకోలేదు, తిట్టలేదు కూడా. చంటిబిడ్డను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకొని నడిచిపోయింది.

వాళ్ళు కనుమరుగైన కాసేపటికి పడమటినుంచి మబ్బు కమ్మి వాన పడింది. వేళ్ళు గుచ్చితే దిగేటంతగా నేల నాని, మట్టివాసన ఊరంతా లేచింది. దొంగ పొలిమేర దాటగానే వాన వచ్చింది, అంతకంటే సాక్ష్యం ఊరికి ఏం కావాలి? మర్నాడు గొర్రులు కట్టారు. మొదటి పిడికెడు విత్తనం పాంచాలి చేతిమీదుగానే ఇప్పించారు. ఆమె ఇచ్చింది. ఆ మాసిలోగాని, ఆ తరువాత బ్రతికిన ఏండ్లలోగాని మళ్ళీ ఏ బానమీదా చెయ్యి వేయలేదు. అడగవచ్చిన కోడళ్ళతో చెయ్యి వణుకుతోందని చెప్పేది.

విత్తులు పడ్డ మర్నాడు పొద్దున బంగారు బడికి పోకుండా వాకిలి గడపమీద కూర్చున్నాడు. వానకు రాళ్ళ నడుమ సుళి చెరిగిపోయి నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాడు రెండు చేతులతో తల పట్టుకొని ఉన్నాడు.

"తలనొప్పా?" అంది పాంచాలి.

"లేదవ్వా." వాడు తల వదలలేదు. "గుడికాడ మొదట నీవు బాన నేనే తెరిస్తిని అంటివి గదా."

"అంటిని."

"అది అబద్ధం గదా. అప్పుడు నీ చెయ్యి నా తలమీదనే ఉండె గదా. నన్ను అమ్మ తీసుకొనిపోతాదా?"

 పాంచాలి ఏ మాట చెప్పినా అది ఇంకో అబద్ధమే అవుతుంది, వాడికి ఇప్పుడు అబద్ధం పోల్చడం వచ్చు. పొన్ను కూడా చివరిరోజున ఇలాగే ఏదో అడిగింది, అప్పుడూ చెప్పలేకపోయింది. ఆమె వాడి పక్కన కూర్చొని, వాడి చేతులు తప్పించి, వేలితో వాడి నడినెత్తిమీద గుర్తున్నంతవరకు ఆ గీత గీసింది. పుట్టి అన్నేళ్ళకు ఆమె రాసిన మొదటి అక్షరం అది.

బంగారు కదలకుండా కూర్చొని, వేలు పోయిన దారిని జాగ్రత్తగా గమనించాడు.

"అట్ల కాదవ్వా. తప్పుగా వేస్తివి" అన్నాడు. ఆమె వేలు తన చిన్న చేతిలోకి తీసుకొని, వాద్యార్ తనకు చేయించినట్టే, తన తలమీద మళ్ళీ మొదటినుంచి వేయించాడు.